జీలుగు కల్లూ, ఫ్రెంచి పెట్‌నాటూ

పోయిన వేసవిలో ములకలపల్లి నుంచి వస్తూ, రూమ్మేట్లకు రుచి చూపిద్దామని రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా నిండా జీలుగు కల్లు పట్టుకుని బస్సెక్కాను. "మూత గట్టిగా బిగించకురా అల్లుడూ" అని మామయ్య చెప్తూనే ఉన్నాడు. చెప్పిన మాట వినేవాణ్ణయితే ఇంజినీరింగ్‌లో ఎందుకు చేరతాను? పాల్వంచ చేరేసరికి సీసా అడుగు ఉబ్బి, నిలబెడితే నిలబడటం లేదు. మూత కాస్త తిప్పానో లేదో బుస్సుమని పొంగింది. ముందు సీట్లో పెద్దాయన చొక్కా తడిసింది. పాల్వంచలో మొదలైన తిట్లు కొత్తగూడెం దాకా ఆగలేదు.

తర్వాత తెలిసిందేంటంటే, నేను బస్సులో చేసిన పనికి ఫ్రాన్సులో ఒక పేరుంది, మంచి ధర కూడా ఉంది. దాన్ని పెతియాఁ నాచురెల్ అంటారు, ముద్దుగా పెట్‌నాట్. ద్రాక్షరసం సొంత ఈస్ట్‌తో పులుస్తూ ఉండగానే, ఇంకా కొంత చక్కెర మిగిలి ఉన్నప్పుడే సీసాలో పోసి సోడా మూత బిగిస్తారు. మిగతా పులుపు లోపలే జరుగుతుంది. పుట్టిన కార్బన్ డయాక్సైడ్‌కు బయటికి దారి లేక వైన్‌లోనే కరుగుతుంది. షాంపేన్ అలా కాదు. అక్కడ పూర్తిగా పులిసిన వైన్‌కు మళ్ళీ చక్కెర, ఈస్ట్ కలిపి సీసాలో రెండోసారి పులియబెడతారు, తర్వాత మడ్డి తీసేస్తారు. పెట్‌నాట్‌లో చాలామంది మడ్డి తియ్యరు, అందుకే అది మన కల్లులా మబ్బుగా ఉంటుంది. పద్ధతి చాలా పాతది. దక్షిణ ఫ్రాన్సులో లిమూ దగ్గర సెయింట్ ఇలేర్ మఠం సన్యాసులు 1531 నాటికే ఇలాంటి బుడగల వైన్ చేశారని అక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు.

మన కల్లుకు ఎవరూ ఈస్ట్ కలపరు. నిన్నటి లొట్టిలో అంటుకుని ఉన్నదీ, గాలిలో, పురుగుల కాళ్ళకు వచ్చిందీ చాలు. గెల కోసిన చోట చుక్క పడగానే పని మొదలు. లొట్టికి సున్నం పూస్తే ఈ పని ఆగుతుంది, అప్పుడది నీరా. ఆపకపోతే కొన్ని గంటల్లోనే నూటికి నాలుగైదు వంతుల ఆల్కహాలు తయారవుతుంది. మర్నాటికి బాక్టీరియా చెయ్యి పైనై, సాయంత్రానికల్లా వెనిగర్ దారి పడుతుంది.

ఇక బస్సులో లెక్క. లీటరు వైన్‌లో 4 గ్రాముల చక్కెర పులిస్తే, మూసిన సీసాలో 10 డిగ్రీల దగ్గర సుమారు ఒక అట్మాస్ఫియర్ పీడనం వస్తుంది. షాంపేన్‌కు 24 గ్రాములు కలుపుతారు, అంటే ఆరు. చెట్టు నీటిలో లీటరుకు దాదాపు 100 గ్రాముల చక్కెర ఉంటుంది. నేను పోసుకునేసరికి అందులో పావు వంతే మిగిలిందనుకోండి, అది కూడా షాంపేన్‌తో సమానమే. పైగా మే నెల ఎండ. వేడికి గ్యాస్ కరగదు, పీడనం ఇంకా పెరుగుతుంది. గాజు సీసా అయితే చొక్కాతో పోయేది కాదు.

మంచింగ్ సంగతి. ఫ్రెంచివాళ్ళు పెట్‌నాట్‌తో నూనెలో వేయించినవి, ఉప్పు పట్టిన మాంసం, మేకపాల చీజ్ తింటారు. కారణం సింపుల్: పులుపు, బుడగలు కలిసి నాలుక మీది కొవ్వును కడిగేస్తాయి. మా ఊళ్ళో కల్లుతో వేయించిన పల్లీలు, ఉడకబెట్టిన గుడ్లు, ఎండు చేపలు, నాటుకోడి వేపుడు. కొవ్వు, ఉప్పు, కారం. అదే సూత్రం, పుస్తకం చదవకుండానే. కారంతో మాత్రం ఒక చిక్కుంది. ఆల్కహాలు ఎక్కువైతే మిరపకాయ మంట పెరుగుతుంది. లేత కల్లులో ఆల్కహాలు తక్కువ, తీపి ఎక్కువ, అందుకే నాటుకోడికి పొద్దుటి కల్లే సరిజోడు. సాయంత్రం పుల్ల కల్లుకు నా ఓటు ఎండు చేపలకే.

(తెలంగాణలో 21 నిండనివాళ్ళకు మద్యం అమ్మకూడదు. ఫస్టియర్ తమ్ముళ్ళు పల్లీలతో సరిపెట్టుకోండి.)

పెట్‌నాట్‌కు డబ్బులిచ్చేది అందులో ఏమీ కలపరన్న నమ్మకానికే. మన పట్నాల్లో పోయినదే ఆ నమ్మకం. చెట్లు తక్కువ, తాగేవాళ్ళు ఎక్కువ, మధ్యలో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలామ్. అది దొరకని రోజు వణుకుతో, ఫిట్స్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్ళ వార్తలు మనమందరం చదివినవే. బుడగ కనిపిస్తే చాలనుకోకండి. ఈస్ట్ పని చేస్తోందని మాత్రమే బుడగ చెప్తుంది, ఎవరేం కలిపారో చెప్పదు. ఏ చెట్టుది, ఎవరు గీశారు అన్నది తెలియాలి. మామయ్య దగ్గర ఆ రెండూ తెలుసు.

కానీ జీలుగు తాడిచెట్టు లాంటిది కాదు. పదేళ్ళకు పైగా పెరిగి, ఒక్కసారే పూతకొస్తుంది. గెలలు పైనుంచి మొదలై కొన్నేళ్ళపాటు ఒక్కొక్కటిగా కిందికి దిగుతాయి. అట్టడుగు గెల అయిపోయాక చెట్టు ఎండిపోతుంది. బస్తర్‌లో దీన్నే సల్ఫీ అంటారు, అక్కడా ఇదే కథ. మామయ్య చెట్టుకు ఇంకా రెండు గెలలున్నాయి. కింద మొలకెత్తిన పిల్లచెట్టు ఇప్పుడు నా మోకాలి ఎత్తు.