జీతం గళ్లు, పాయింట్ల లెక్క

విశ్వవిద్యాలయ అధ్యాపకుల జీతం అర్థం కావాలంటే ముందుగా ఒక పట్టిక చూడాలి. ఏడో వేతన సంఘం తర్వాత, 2016 జనవరి 1 నుంచి వర్తించేలా తయారైన పట్టిక ఇది. అడ్డంగా లెవెళ్లు, నిలువుగా గళ్లు ఉంటాయి. గడిలో ఉన్న అంకె మూలవేతనం, అంటే కరువు భత్యం వంటివి లెక్కకట్టడానికి ఆధారమైన మొత్తం.

అసిస్టెంట్ ప్రొఫెసర్ పదో లెవెల్ మొదటి గడిలో 57,700 రూపాయలతో చేరతారు. ఏడాది తిరిగితే కింది గడి: 59,400. ఆ తర్వాత 61,200. ఏటా సుమారు 3 శాతం. కిందికి దిగుతుంటే జీతం పెరిగే చోటు లోకంలో బహుశా ఇదొక్కటే.

లెవెల్ మారడం వేరే సంగతి. పీహెచ్‌డీ ఉన్నవారు నాలుగేళ్లకు, అది గానీ ఎంఫిల్ గానీ లేనివారు ఆరేళ్లకు పదకొండో లెవెల్‌కు అర్హులవుతారు. మరో ఐదేళ్లకు పన్నెండు. అక్కడ మొదటి గడి 79,800. దాని తర్వాతిది అసోసియేట్ ప్రొఫెసర్ లెవెల్. దానికి పదమూడు అని కాకుండా ‘13ఎ’ అని పేరు పెట్టారు. అక్కడ మొదటి గడి 1,31,400. రెండింటికీ తేడా 51,600. మిగతా మెట్లన్నీ మెట్లే, ఇది మాత్రం మేడ.

మేడ ఎక్కడానికి, 2018 యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం, పన్నెండో లెవెల్‌లో మూడేళ్ల సర్వీసుతోపాటు పీహెచ్‌డీ, కనీసం ఏడు ప్రచురణలు, 70 పరిశోధన పాయింట్లు కావాలి. సాహిత్యం, చరిత్ర వంటి శాఖల్లో ఒక వ్యాసానికి మూల విలువ 10 పాయింట్లు. ఒక్కరే రాస్తే పదీ వారివే. ఇద్దరు రాస్తే చెరో 70 శాతం, అంటే చెరో ఏడు. పది కాస్తా పద్నాలుగైంది. అంతకు మించితే ప్రధాన రచయితకు 70 శాతం, మిగతావారికి తలా 30 శాతం. ఐదుగురు రాసిన వ్యాసానికి మొత్తం 19 పాయింట్లు పుడతాయి.

ఐదుగురు మిత్రులు తలా ఒక వ్యాసం విడిగా రాసుకుంటే ఒక్కొక్కరికి పది వస్తాయి. అవే ఐదు వ్యాసాల మీద అందరి పేర్లూ వేసుకుని, వంతులవారీగా ప్రధాన రచయితలైతే ఒక్కొక్కరికి పందొమ్మిది. వ్యాసాలు పెరగలేదు, పరిశోధన పెరగలేదు, స్నేహం పెరిగింది. నిబంధన రాసినవారు పండితుల నిగ్రహాన్ని నమ్ముకున్నారు. పండితులు కూడిక, గుణకారాలను నమ్ముకున్నారు.

ఈ పట్టికలో గడే లేనివారు ఇంకొందరున్నారు. వారే గెస్ట్ లెక్చరర్లు. 2019లో యూజీసీ వీరికి క్లాసుకు 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా, అని నిర్ణయించింది. ఈ రేటు ప్రకారం నెలలో 33 క్లాసులు చెబితే 49,500 వస్తాయి. ముప్పై నాలుగో క్లాసుకు ముట్టేది 500. ముప్పై అయిదోది ఉచితం.