బ్యాటరీ ఏల నిండదు?

మోటారు సైకిలు నేడు మన గ్రామములలో పూర్వపు గుఱ్ఱమునకు బదులుగా నున్నది. అర్ధరాత్రమున మందు తెచ్చుటకును, తెల్లవాఱక మునుపు కూరగాయలను సంతకు చేర్చుటకును, నీటి వంతు వచ్చినప్పుడు పొలమునకు పోవుటకును పలువురకు అదియే శరణ్యము. అట్టి బండికి నడిదారిలో దీపము మందగించి, హారను మూగవోయి, తుదకు ఇంజనే యాగిపోయినచో కలుగు కష్టమును వేఱుగ వర్ణింప నక్కఱలేదు. దీపము లేని బండికి త్రోవప్రక్క నిలిచిన గడ్డిబండియు, దారిలో పరుండిన గేదెయు మృత్యురూపములే.

ఇట్టి సమయమున మన పిల్లలు చేయు మొదటి పని క్రొత్త బ్యాటరీ కొనుట. అది పది దినములు పనిచేయును. పదునొకండవ దినమున మరల పాత కథయే. దోషము బ్యాటరీలో గాక దానిని నింపు మార్గములో నున్నప్పుడు ఎన్ని బ్యాటరీలు మార్చినను ప్రయోజనము లేదు. మంచి వైద్యుడు నాడి చూడక మందీయడు. నిదానము ముందు, చికిత్స తరువాత. ఈ క్రమమును పాత బండికి ఎట్లు అన్వయింపవలయునో నేడు విన్నవింతును.

ఉదాహరణమునకు మన కందఱకును ఎఱుకైన బుల్లెట్టు బండిని గైకొందము. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ యేర్పడి, ఈ బండిని మన దేశముననే కూర్చుటకు పూనుకొన్నది. పోతయినుప ఇంజను గల ఆనాటి తరగతి బండ్లు నేటికిని మన పల్లెలలో తిరుగుచున్నవి. మిక్కిలి పాతవాటిలో 6 వోల్టుల బ్యాటరీ యుండును; తరువాతి వాటిలో 12 వోల్టులది. నేను చెప్పబోవు లెక్కలు 12 వోల్టులకు సంబంధించినవి. 6 వోల్టుల బండికి వానిలో సుమారు సగము గ్రహింపవలెను.

మొదట యంత్రధర్మమును తెలిసికొందము. తీగెచుట్ట చెంత అయస్కాంతము కదలినచో ఆ తీగెలో విద్యుత్తు పుట్టునని 1831లో ఇంగ్లండున మైకేల్ ఫారడే కనుగొనెను. మరల మరల నింపి వాడుకొనదగిన సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సున గాస్టన్ ప్లాంటే నిర్మించెను. బండిలో జరుగునది ఈ రెండింటి కూడికయే. ఇంజను ఇరుసుతో పాటు ఒక అయస్కాంతము తిరుగును. దాని చుట్టు కదలక యుండు తీగెచుట్టలలో విద్యుత్తు పుట్టును. దీనినే ఆల్టర్నేటరు అందురు. అచ్చట పుట్టు విద్యుత్తు క్షణక్షణమును దిక్కు మార్చుకొనుచుండును. బ్యాటరీకి ఒకే దిక్కున ప్రవహించునది కావలెను. ఆ పని చేయునది రెక్టిఫైయరు. ఇంజను వేగము పెరిగినప్పుడు విద్యుత్తు హద్దు మీఱకుండ కాపాడునది రెగ్యులేటరు. ఈ రెండును ఒకే పెట్టెలో నిమిడియుండు బండ్లు పెక్కులు కలవు.

దీనిని చెఱువుతో పోల్చినచో మనకు సుగమముగ నుండును. ఆల్టర్నేటరు ఏఱు. తీగెలు కాలువలు. రెక్టిఫైయరు ఒక వైపునకు మాత్రమే తెఱచుకొను తలుపు. రెగ్యులేటరు అలుగు. బ్యాటరీ చెఱువు. దీపము, హారను, ఇంజనులో పెట్రోలును మండించు నిప్పురవ్వ, ఇవి యన్నియు ఆయకట్టు. ఆయకట్టు ఎండినప్పుడు చెఱువు పూడినదో, ఏటిలో నీరు లేదో, కాలువకు గండి పడినదో విచారింపక చెఱువునే నిందించుట న్యాయము గాదు.

పాత బుల్లెట్టునకు ముందుభాగమున ఒక చిన్న గడియారము వంటి ఆమీటరు కలదు. అది పనిచేయుచున్నచో సగము రోగమును అదియే చెప్పును. ముల్లు ధనచిహ్నము వైపు వ్రాలినచో బ్యాటరీ నిండుచున్నది. ఋణచిహ్నము వైపు వ్రాలినచో వ్యయమగుచున్నది. ఇంజను మెల్లగా తిరుగుచుండగా దీపము వేసినచో ముల్లు ఋణము వైపు ఒఱగుట సహజము. వేగము పెంచినను అది నడుమకైనను రాక యచ్చటనే యున్నచో ఏఱు పాఱుటలేదని గ్రహింపవలెను. అయితే యొక హెచ్చరిక. కొన్ని బండ్లలో ముందు దీపమునకు విద్యుత్తు ఆల్టర్నేటరు నుండియే నేరుగా వచ్చును. అట్టి బండిలో దీపము వెలిగినంత మాత్రమున బ్యాటరీ నిండుచున్నదని తలపరాదు.

ఇక పరీక్షాక్రమము. మొదట కన్ను, తరువాత చేయి, ఆ తరువాతనే మీటరు. బ్యాటరీ కొనలపై తెల్లనిదో పచ్చనిదో చిలుము పట్టినదా? బిగింపులు వదులైనవా? ఇనుప చట్రమునకు బిగించు ఎర్తు తీగె త్రుప్పు పట్టినదా? ఫ్యూజు మంచిదేనా? తీగెల అతుకులలో ఎక్కడనైన మాడిన నలుపు కలదా? నీరు పోయు రకపు బ్యాటరీ యైనచో నీరు గీతవఱకు కలదా? తగ్గినచో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయవలెను, నూతినీరు పనికిరాదు. చిలుమును వేడినీటితో తోమి కడుగవచ్చును గాని ఆ నీరు బ్యాటరీ లోపలికి పోరాదు. బ్యాటరీ నుండి మండు వాయువు వెలువడును గావున బీడీ, అగ్గిపుల్ల, లాంతరు దాని దాపునకు రానీయరాదు. తీగెలు విప్పునప్పుడు ఋణతీగెను ముందుగా విప్పి, బిగించునప్పుడు దానిని కడపట బిగింపవలెను.

తరువాత మల్టీమీటరు. ఇది కొన్ని వందల రూపాయలకు దొరకును. ఒక బ్యాటరీ వెలకంటె ఎంతయో తక్కువ. గ్రామమునకు ఒకటి యున్నను చాలును. బండి కొన్ని గంటలు కదలక నిలిచిన పిమ్మట బ్యాటరీ కొనల నడుమ కొలువవలెను. 12.6 వోల్టులు చూపినచో నిండుచెఱువు. 12.4 చూపినచో ముప్పాతిక. 12కు దిగినచో దాదాపు అడుగంటినది. అడుగంటిన దానిని వెలుపలి ఛార్జరుతో నిండించి, ఒక రాత్రి యుంచి, మరల కొలువవలెను. నిండించినను నిలువనిచో, లేక బ్యాటరీతో వెలుగు దీపములు వేయగనే వోల్టులు గబగబ పడిపోయినచో, అప్పుడు మాత్రమే బ్యాటరీ ముసలిదైనదని తీర్పు చెప్పవచ్చును.

బ్యాటరీ మంచిదని తేలిన పిమ్మట ఇంజను నడిపింపవలెను. వేగము కొంచెము పెంచి, అవే కొనల నడుమ మరల కొలువుడు. 13.8 మొదలు 14.5 వఱకు నున్నచో ఛార్జింగు ఆరోగ్యముగ నున్నది. అంకె పెరుగక 12.5 దగ్గఱనే నిలిచినను, దీపము వేసిన కొలది దిగుచున్నను, బ్యాటరీకి ఆహారము అందుటలేదు. 15 దాటినచో అలుగు పూడిపోయినది. అనగా రెగ్యులేటరు చెడినది. అట్టి బండిలో బ్యాటరీ లోని నీరు మరగి యెగిరిపోవును, దీపపు బల్బులు తఱచు మాడును. మాటిమాటికి నీరు తగ్గుచున్నదని నీరు పోయుచు కాలము గడపువారు ఈ అంకెను ఒకమాఱు చూడవలెను. ఇంకొక మాట: ఇంజను తిరుగుచుండగా బ్యాటరీ తీగెను ఊడదీసి పరీక్షించుట కొందఱికి అలవాటు. అది మిక్కిలి ప్రమాదకరము. అట్లు చేసినచో వోల్టులు ఒక్కమాఱుగా పెరిగి రెగ్యులేటరు చెడవచ్చును.

ఆహారము అందుటలేదని తేలినచో కాలువనా, ఏటినా శంకింపవలెను? కాలువనే ముందు చూడవలెను. ఏలయన దానిని బాగుచేయుట సులభము, ఖర్చు స్వల్పము. ఇంజను తిరుగుచుండగా మీటరు యొక్క ఒక కొనను రెగ్యులేటరు నుండి వచ్చు ధనతీగె మీదను, రెండవ కొనను బ్యాటరీ ధనకొన మీదను ఉంచుడు. ఈ రెండు స్థలముల నడుమ తేడా దాదాపు శూన్యముగ నుండవలెను. వోల్టులో రెండు మూడు పదవవంతులు మించినచో నడుమ నెచ్చటనో గండి కలదు. అట్లే రెగ్యులేటరు ఒడలికిని బ్యాటరీ ఋణకొనకును నడుమ చూడవలెను. మా ప్రాంతమున నొక యువకుడు ఒక్క సంవత్సరములో మూడు బ్యాటరీలు మార్చెను. కొలిచి చూడగా రెగ్యులేటరు కడ 14.2 వోల్టులు, బ్యాటరీ కడ 12.5 మాత్రమే. నడుమ నున్న అతుకు లోపల మాడియుండెను. చిన్న తీగెముక్కతో రోగము కుదిరినది. మూడు బ్యాటరీల వెల మాత్రము తిరిగి రాలేదు.

కాలువలు సరిగా నున్నచో ఇక ఏటిని పరీక్షింపవలెను. ఆల్టర్నేటరు తీగెల అతుకును విడదీసి, మీటరును దిక్కు మారు విద్యుత్తును కొలుచు గుఱుతునకు త్రిప్పి, ఇంజను నడిపి, ఆ తీగెల నడుమ కొలువుడు. వేగము పెరిగిన కొలది వోల్టులు పెరుగవలెను. ఎంత రావలయునో బండిని బట్టి మారును గావున తయారుచేసినవారి పుస్తకముతో సరిచూడవలెను. పిదప ఇంజను ఆపి, తీగెకును ఇంజను ఒడలికిని సంబంధము కలదేమో చూడవలెను. చుట్టలు ఒడలికి తగులకుండ కట్టిన బండిలో సంబంధము కనబడినచో తీగెచుట్ట కాలి ఒడలికి తగులుచున్నదని యర్థము. ఒక కొనను బుద్ధిపూర్వకముగ ఒడలికి కలిపిన బండ్లును కలవు గావున ఇచ్చటను పుస్తకము చూడక తీర్పు చెప్పరాదు. బుల్లెట్టులో ఆల్టర్నేటరు ఎడమవైపు గొలుసుపెట్టెలో నూనె నడుమ నుండును. ఏండ్ల తరబడి వేడికిని నూనెకును లోనై ఆ తీగెల తొడుగు బిరుసెక్కి పగులుట, గొలుసునకు రాచుకొని తెగుట పాత బండ్లలో సంభవించును.

ఏఱును, కాలువయు, చెఱువును మంచివని తేలి, బ్యాటరీకి మాత్రము విద్యుత్తు చేరనిచో మిగిలినది రెక్టిఫైయరు, రెగ్యులేటరు. తర్కశాస్త్రమున దీనిని పరిశేషన్యాయమందురు: తక్కిన వానియందు దోషము లేదని తేలినప్పుడు మిగిలిన దానియందే యున్నదని నిశ్చయించుట. ఆ పెట్టెను మార్చుటకు ఇదియే తగిన సమయము, అంతకు ముందు గాదు.

ఛార్జింగు అంతయు సరిగానే యుండియు, రాత్రి నిలిపిన బండి ఉదయమునకు బ్యాటరీ అడుగంటినచో, తూములో నెచ్చటనో నీరు కాఱుచున్నది. తాళము తీసివేసి, ఋణతీగెను విప్పి, విద్యుత్ప్రవాహమును కొలుచు గుఱుతున మీటరును ఆ తీగెకును బ్యాటరీ ఋణకొనకును నడుమ చేర్చి చూడవలెను. గడియారము, దొంగతనపు గంట వంటివి లేని పాత బండిలో ప్రవాహమేమియు కనబడరాదు. కనబడినచో ఫ్యూజు, హారను, తరువాత తగిలించిన అలంకార దీపములు ఒక్కొక్కటిగ విప్పుచు పోవలెను. దేనిని విప్పినప్పుడు ముల్లు శూన్యమునకు వచ్చునో అదియే దొంగ.

పెద్దలారా! ఈ పనులన్నియు మీరు చేయవలెనని నా కోరిక గాదు. చేయవలసినవారు మీ బిడ్డలు, మీ యూరి మేస్త్రీలు. కాని ఇంటిలో డబ్బు తీసి యిచ్చువారు మీరు. క్రొత్త బ్యాటరీకి చేయి చాచినప్పుడు మూడు ప్రశ్నలు అడుగుడు. నిలిచియున్నప్పుడు ఎన్ని వోల్టులు? ఇంజను తిరుగునప్పుడు ఎన్ని? రెగ్యులేటరు కడను, బ్యాటరీ కడను ఒకటేనా? ఈ మూడింటికి అంకెలతో సమాధానము వచ్చినచో నిస్సందేహముగ డబ్బు ఇయ్యవచ్చును. అంకె లేక ఊహ మాత్రమే వచ్చినచో పెట్టె తాళము తీయకుడు. ఆ రాత్రికి దీపము లేని బండిని మాత్రము గడప దాటనీయకుడు.