అణా కరెక్టు, నయాపైసా తప్పు!

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి లెక్క. ఎమ్మిగనూరులో మగ్గం లెక్క. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో లెక్కల సాఫ్ట్‌వేరు మ్యాట్‌ల్యాబ్ లెక్క. ఈ మూడింటికీ చుట్టరికం ఉందంటే నమ్ముతారా? పదండి, ఒక్కొక్కటీ చూద్దాం!

మీకు తెలుసా? మ్యాట్‌ల్యాబ్‌కు పదిపైసల లెక్క రాదు! 0.1ని పదిసార్లు కలపమని చెప్పండి. లోపల అది దాచుకునే జవాబు 0.9999999999999999. "ఇది 1కి సమానమేనా?" అని అడిగితే 0 చూపిస్తుంది, అంటే "కాదు" అని. ఉపగ్రహాల దారులు లెక్కగట్టే సాఫ్ట్‌వేరు రూపాయి చిల్లర దగ్గర బోల్తా పడింది!

కారణం ఒక్క ముక్కలో: కంప్యూటర్‌కు సగం, సగంలో సగం, అందులో సగం... ఇవే తెలుసు. పదోవంతు దానికి ఎప్పటికీ పూర్తిగా చిక్కదు. అంతే!

మరి మీకు తెలుసా? మన తాతల అణా మాత్రం కంప్యూటర్‌కు నిక్కచ్చిగా తెలుసు! అణా అంటే రూపాయిలో 16వ వంతు, అంటే సగాన్ని మూడుసార్లు మళ్లీ సగం చేయడమే. బేడ కరెక్టు, పావలా కరెక్టు, అర్ధరూపాయి కరెక్టు. రూపాయికి 64 ఉండే పాత పైసా కూడా కరెక్టే! 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. అప్పటి నుంచి 1 పైసా మొదలుకొని 99 పైసల దాకా ఉన్న మొత్తాల్లో కంప్యూటర్ తూచా తప్పకుండా పట్టుకోగలిగేవి ఎన్నో చెప్పండి? మూడే మూడు! 25, 50, 75. ఆదోని బజారులో అణాల్లో బేరాలాడిన షావుకార్లు తెలియకుండానే కంప్యూటర్‌కు నచ్చే లెక్కలు వేశారన్నమాట!

తెలుగు పల్లెల్లో వీసం అనే మాట ఇంకా వినిపిస్తుంది. అదీ 16వ వంతే. వీసమెత్తు తేడా రాదు!

ఈ పదోవంతు తకరారు నవ్వులాట కాదు. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో అమెరికా పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ గడియారం 0.1 సెకను చొప్పున లెక్కపెడుతూ వచ్చింది. వంద గంటలు ఆపకుండా నడిచేసరికి తేడా 0.34 సెకనుకు చేరింది. అంతలోనే శత్రువుల స్కడ్ క్షిపణి అర కిలోమీటరు పైన దూసుకుపోతుంది. దాన్ని అడ్డుకోలేకపోయారు. 28 మంది సైనికులు చనిపోయారు. ఒక్క దశాంశం ఖరీదు అది.

మీకు తెలుసా? మ్యాట్‌ల్యాబ్ పుట్టింది వ్యాపారం కోసం కాదు, విద్యార్థుల మీద జాలితో! 1970ల చివర్లో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో క్లీవ్ మోలర్ అనే లెక్కల ప్రొఫెసర్, తన విద్యార్థులు ఫోర్ట్రాన్ ప్రోగ్రాములు రాయకుండానే మాత్రికలతో, అంటే అంకెల పట్టికలతో, ఆడుకోవాలని దీన్ని తయారుచేశారు. అందులో ఉన్న సరుకు ఒకటే రకం: మాత్రిక. ఒక్క అంకె ఇచ్చినా దాన్ని ఒకటికి ఒకటి మాత్రికగానే చూసేది! 1984లో మ్యాథ్‌వర్క్స్ కంపెనీ మొదలైంది. తొలి గిరాకీ ఎవరో తెలుసా? ఎంఐటీ. ఎన్ని కాపీలు కొన్నారు? పది!

ఇప్పుడు ఎమ్మిగనూరుకు వద్దాం. 1938లో మాచాని సోమప్ప ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. పద్మ పురస్కారాలు మొదలైన 1954లోనే ఆయనకు పద్మశ్రీ వచ్చింది. సరే, మ్యాట్‌ల్యాబ్‌కూ మగ్గానికీ ఏమిటి సంబంధం అంటారా?

మీకు తెలుసా? బట్ట ఒక మాత్రిక! పడుగు దారాలు నిలువు వరుసలు, పేక దారాలు అడ్డు వరుసలు. పడుగు పైన ఉంటే 1, పేక పైన ఉంటే 0. మామూలు నేతలో ఇంతకుమించి మూడో అంకె లేదు. మన ఒంటి మీది నేతబట్టంతా ఒకట్లూ సున్నాలే!

ఇంకా ఉంది, ఆగండి. నేతగాడి దగ్గర మూడు పట్టికలుంటాయి. ఏ దారం ఏ చట్రంలోంచి పోవాలి? ఏ చట్రాన్ని ఏ తొక్కుడు చెక్కకు కట్టాలి? ఏ చెక్కను ఎప్పుడు తొక్కాలి? ఈ మూడింటినీ ఒకట్లు, సున్నాలతో రాసి మాత్రికలుగా గుణించండి. వచ్చే జవాబు... బట్ట మీద డిజైనే! అచ్చం ఇంటర్ పుస్తకంలో ఉన్న మాత్రికల గుణకారమే. కాకపోతే ఇక్కడ ఒకటీ ఒకటీ కలిస్తే రెండు కాదు, ఒకటే. ఇంటర్లో ఆ పాఠం చూసి భయపడే పిల్లలకు ఎమ్మిగనూరు మగ్గాన్ని చూపించాలని నా గట్టి అభిప్రాయం. వాళ్ల అవ్వా తాతలు దాన్ని కాళ్లతో చేశారు!

సాదా నేత కావాలా? మ్యాట్‌ల్యాబ్‌లో ఒక్క వరుస రాస్తే చాలు. రెండుకు రెండు మాత్రికను అటు 500 సార్లు, ఇటు 500 సార్లు పరిస్తే పది లక్షల దారపు కూడళ్లు క్షణంలో తెర మీద. మగ్గం మీద అదే నేయాలంటే ఎంతసేపు పడుతుందో నేతన్ననే అడగండి!

మీకు తెలుసా? వెయ్యికి వెయ్యి మాత్రికలు రెండింటిని గుణించాలంటే 100 కోట్ల గుణకారాలు చేయాలి. సెకనుకు ఒకటి చొప్పున నిద్ర, తిండి మాని చేసినా 31 ఏళ్లు దాటుతుంది. ఈనాటి మామూలు ల్యాప్‌టాప్ మీరు రెప్ప వేసేలోగా దాదాపు ముగించేస్తుంది!

2011 జనాభా లెక్కల్లో ఆదోని పట్టణంలో లక్షా 66 వేల పైచిలుకు మంది. అందరి వయసులూ ఒకే నిలువు వరుసలో మ్యాట్‌ల్యాబ్‌కు ఇచ్చామనుకోండి. ఎంత చోటు పడుతుంది? ఒక్కో అంకెకు 8 బైట్లు, మొత్తం 13 లక్షల చిల్లర. మీ ఫోన్లో తీసిన ఒక ఫొటో అంతకన్నా ఎక్కువ తింటుంది. ఊరంతా కలిసి ఒక్క సెల్ఫీకి సరిపోలేదు!

మీకు తెలుసా? మ్యాట్‌ల్యాబ్‌లో అన్నిటికన్నా మొనగాడు వెనక్కి వాలిన ఒక గీత! మూడు బిల్లులున్నాయి. పత్తి, వేరుశనగ, ఆముదాలు ఎన్నెన్ని క్వింటాళ్లో రాసుంది, మొత్తం డబ్బూ ఉంది. ఒక్కోదాని ధర మాత్రం చెరిగిపోయింది. మధ్యలో "\" అని ఒక్క గీత గీయండి, మూడు ధరలూ బయటపడతాయి. మూడు కాదు, వెయ్యి సరుకులైనా వెయ్యి బిల్లులుంటే అదే గీత!

బిల్లులు చాలకపోతే? అసలు విలోమమే, అంటే గుణకారాన్ని వెనక్కి తిప్పే మాత్రికే, లేని మాత్రిక ఎదురైతే? అప్పుడు "పిన్వ్" అనే కమాండ్ ఉంది. విలోమం లేనిదానికి కూడా విలోమం లాంటిది ఇస్తుంది. దాని వెనక 1920లో మూర్, 1955లో పెన్రోజ్ అనే ఇద్దరు. ఈ పెన్రోజ్‌కే 2020లో కృష్ణబిలాల లెక్కకు నోబెల్ వచ్చింది. అయితే అదే 1955లో ఇదే చిక్కును తనదైన దారిలో విప్పిన మూడో మనిషి ఎవరో తెలుసా?

మన తెలుగువాడు! గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకం పిలిచే పేరు సి.ఆర్.రావు. మూర్ తన మాట లోకానికి చెప్పిన 1920లోనే ఆయన పుట్టారు. విలోమం లేని మాత్రికల మీద 1971లో సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి ఏకంగా ఓ పుస్తకమే రాశారు.

ఇప్పుడు అసలు విశేషం. ఆయన పుట్టిన ఊరు హూవినహడగలి, నాటి బళ్లారి జిల్లా. మరి అప్పుడు ఆదోని ఏ జిల్లాలో ఉండేది? అదే బళ్లారి జిల్లాలో! 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిశాయి. అంటే సి.ఆర్.రావు పుట్టేనాటికి ఆయనదీ ఆదోనిదీ ఒకే జిల్లా! ఈ ముక్క ఆదోని ప్రతి బడిలో గోడ మీద రాసిపెట్టాలి.

మీకు తెలుసా? ఆయన ఎనిమిదో సంతానం. దేవకికి ఎనిమిదో బిడ్డ కృష్ణుడు కదా, అందుకే ఆ పేరు! క్లాసులో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకు రాత్రికి రాత్రే జవాబు కట్టి మర్నాడు తెచ్చారట. 1945లో అచ్చయిన ఆ ఫలితమే ఇవాళ ప్రపంచమంతా చదివే, అంచనాల కచ్చితత్వానికి గీటు గీసే క్రామర్-రావు హద్దు. ఆ వ్యాసానికి అంతర్జాతీయ గణాంక బహుమతి ఎప్పుడొచ్చింది? 2023లో! 78 ఏళ్ల తర్వాత! అప్పుడాయన వయసు 102. అందుకోవడానికి ఆయన ఉన్నారు!

కొంచెం ఊపిరి పీల్చుకుని చిన్న చిన్నవి.

మీకు తెలుసా? మ్యాట్‌ల్యాబ్‌లో "వై" అని కొడితే అది మీతో వాదిస్తుంది! "ఎందుకు" అని అడిగినందుకు కొట్టిన ప్రతిసారీ ఒక కొత్త వింత జవాబు!

"మ్యాజిక్" కమాండ్‌కు 4 ఇస్తే ఎటు కూడినా 34 వచ్చే చదరం గీస్తుంది. ఖజురహో పార్శ్వనాథ ఆలయంలో చెక్కి ఉన్న చదరంలోనూ ఎటు కూడినా అదే 34! 2 ఇస్తే మాత్రం మాయ పనిచేయదు. రెండుకు రెండు మాయాచదరం ప్రపంచంలోనే లేదు! ఇంకో తమాషా, ఆ నాలుగుకు నాలుగు చదరం నిర్ధారకం సున్నా రావాలి. మ్యాట్‌ల్యాబ్ చెప్పేది మైనస్ 0.0000000000014495. సున్నాకు ఇంత దగ్గరగా వచ్చి ఆగిపోయింది, పాపం!

మీకు తెలుసా? మ్యాట్‌ల్యాబ్‌లో 8 బిట్ల పెట్టెలో 200కు 100 కలిపితే 300 రాదు, 255 వస్తుంది! దాని అంచు అంతే. ఎంత కుక్కినా అక్కడే ఆగుతుంది. నవ్వొద్దు, 1996 జూన్ 4న యూరప్ వారి ఏరియాన్ 5 రాకెట్ పెద్ద అంకెను 16 బిట్ల పెట్టెలో పెట్టబోయి, ఎగిరిన 40 సెకన్లలోపే ముక్కలైంది!

హాండెల్ స్వరపరచిన "హల్లెలూయా" గానం మ్యాట్‌ల్యాబ్‌లోనే దాగి ఉంది. 73,113 అంకెల వరుసగా! పాడించి చూడండి, 9 సెకన్లు కూడా ఉండదు.

ఆక్టేవ్ అంటే సంగీతం అనుకుంటున్నారా? కాదు! మ్యాట్‌ల్యాబ్ భాషే దాదాపుగా మాట్లాడే ఈ ఉచిత సాఫ్ట్‌వేరుకు ఆ పేరు ఆక్టేవ్ లెవెన్‌స్పీల్ అనే కెమికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్‌ది. చిత్తుకాగితం మీద గబగబా లెక్క తేల్చడంలో ఆయన దిట్ట. శిష్యుడు జాన్ ఈటన్ గురువు పేరు పెట్టుకున్నాడు. 2011లో ప్రొఫెసర్ ఆండ్రూ ఎన్‌జీ ఇంటర్నెట్‌లో మెషీన్ లెర్నింగ్ పాఠం పెడితే లక్ష మందికి పైగా చేరారు. ఆ పాఠం హోంవర్క్ ఎక్కువగా నడిచింది ఆక్టేవ్‌లోనే!

ఇక పెద్ద బాంబు. మీకు తెలుసా? 64 బిట్ల పూర్ణసంఖ్యల్లో మ్యాట్‌ల్యాబ్ పట్టుకోగల అతి పెద్దది 18446744073709551615. ఇరవై అంకెలు. ఈ సంఖ్యను తెలుగు పద్యంలో పెట్టేశారు! చదరంగం గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అంటూ గింజలు రెట్టింపు చేస్తూ పోతే 64 గళ్లకు ఎన్నవుతాయో చెప్పే పద్యం అది. 11వ శతాబ్దంలో తెలుగులో గణితం రాసిన పావులూరి మల్లన పేరు మీద చలామణిలో ఉంది. చంద్రుడంటే 1, వేదాలంటే 4, బాణాలంటే 5. కుడి నుంచి ఎడమకు చదవండి, ఇరవై అంకెలూ పొల్లుపోకుండా సరిపోతాయి!

ఇంకా వినండి. మ్యాట్‌ల్యాబ్‌లో మామూలుగా 2ను 64 సార్లు వేసి గుణించి 1 తీసేయమంటే ఆ 1 తీయడం దానికి చేతకాదు. చివరి అంకె 5 రావాల్సింది 6 దగ్గరే ఉండిపోతుంది! పద్యం మాత్రం ఒక్క గింజ కూడా వదల్లేదు. ఈ పందెంలో నా ఓటు పద్యానికే!

ఆదోని, ఎమ్మిగనూరు పిల్లలూ, మ్యాట్‌ల్యాబ్ కొనడానికి డబ్బు లేదని ఆగకండి. ఆక్టేవ్, ఫ్రాన్స్‌లో పుట్టిన సైలాబ్, రెండూ పూర్తిగా ఉచితం. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు ఇలాంటి సాఫ్ట్‌వేర్ల పాఠాలను తెలుగులోకి కూడా డబ్బింగ్ చేయిస్తోంది. ఈ రాత్రికే దింపుకోండి. 2ను 53 సార్లు వేసి గుణించి, దానికి 1 కలిపి, పాత దానికి ఇది సమానమేనా అని అడగండి. ఏమంటుందో చూసి మీ లెక్కల మాస్టారికి చెప్పండి!