మగ్గం పనిలో మూడు రకాల కండరాలు

షోలాపూర్ తూర్పు పేటల్లో తెలుగు నేత కుటుంబాలు ఎక్కువ. తెలంగాణ పల్లెల నుంచి బతుకుతెరువుకు వెళ్లిన పద్మశాలీలు తరతరాలుగా అక్కడ చద్దర్లు, టవళ్లు నేస్తున్నారు. కార్ఖానాలో సాంచాల (మరమగ్గాల) మధ్య గంటల తరబడి నిలబడే పని మగవాళ్లది. ఆడవాళ్లు చాలామంది బీడీలు చుడతారు. పొద్దుగూకేసరికి అందరిదీ ఒకటే మాట: ఒళ్లు నొప్పులు. అయితే ఒంట్లో కండరాలు మూడు రకాలు. ఏది ఎలా పనిచేస్తుందో తెలిస్తే, ఏ నొప్పికి విశ్రాంతి చాలో, దేనికి ఆసుపత్రికి పరుగెత్తాలో తెలుస్తుంది.

మొదటివి ఎముకలను కదిలించే కండరాలు. ఇవి మనం చెప్పినట్టు వింటాయి. పోగు తెగితే నేతగాడు సాంచా ఆపి, వంగి, కొసలు రెండూ కలిపి ముడి వేస్తాడు. కదిలేవి వేళ్లే అయినా, వాటిని ముడిచే పెద్ద కండరాలు ముంజేతిలో ఉంటాయి. బీడీలు చుట్టేవాళ్లకు ముంజేయి లాగేది అందుకే.

సూక్ష్మదర్శినిలో ఈ కండర పోగులకు అడ్డచారలు కనిపిస్తాయి. లోపల ఆక్టిన్, మయోసిన్ అనే సన్నని ప్రొటీన్ తంతువులు ఉంటాయి. నరం నుంచి సంకేతం రాగానే కాల్షియం విడుదలవుతుంది. మయోసిన్ ఆక్టిన్‌ను పట్టి లాగుతుంది. రెండు దువ్వెనల పళ్లు ఒకదాని సందుల్లోకి ఒకటి జారినట్టు తంతువులు జారి, కండరం పొట్టిదవుతుంది. ఈ సంగతి 1954లో తేలింది. ఇందుకు కావలసిన శక్తినిచ్చే ఏటీపీని 1929లో కండరంలో గుర్తించినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ఆయన ఆ పని చేశారు.

పిక్కలోని కండరాలకు ఇంకో బాధ్యత ఉంది. అవి బిగిసి వదులైనప్పుడల్లా కాళ్లలోని రక్తం పైకి వెళుతుంది. కదలకుండా నిలబడితే ఆ తోడ్పాటు తగ్గి కాళ్లు వాస్తాయి. మధ్యమధ్య నాలుగడుగులు వేయడం, మడమలెత్తి దించడం మేలు.

రెండోవి నునుపు కండరాలు. చారలుండవు, మన మాట వినవు. పేగుల్లో, రక్తనాళాల్లో, ఊపిరి గొట్టాల గోడల్లో ఉంటాయి. పత్తి దుమ్ము పీల్చినప్పుడు కొందరిలో ఊపిరి గొట్టాల చుట్టూ ఉన్న ఈ కండరం బిగుసుకుంటుంది. ఆ జబ్బును బిసినోసిస్ అంటారు. పత్తి శుభ్రం చేసే చోట, నూలు మిల్లుల్లో ఇది ఎక్కువ. వారపు సెలవు తర్వాత పనిలోకి వెళ్లిన రోజు ఛాతీ పట్టేసినట్టు ఉండి, జబ్బు తొలి దశలో అది తర్వాతి రోజుల్లో తగ్గిపోవడం దీని గుర్తు. తగ్గింది కదా అని వదిలేస్తే, ఏళ్లు గడిచేకొద్దీ ఊపిరితిత్తుల శక్తి తగ్గవచ్చు.

మూడోది గుండె కండరం. చారలున్నా మన అదుపులో ఉండదు. దాని కణాలు కొమ్మలుగా చీలి ఒకదానితో ఒకటి అతుక్కుని ఉంటాయి కనుక గుండెలో పుట్టిన విద్యుత్ సంకేతం అంతటా పాకి, అన్నీ కలిసి కొట్టుకుంటాయి. రోజుకు సుమారు లక్షసార్లు. చేతి కండరం దెబ్బతింటే చాలావరకు కోలుకుంటుంది. గుండె కండరానికి ఆ శక్తి బహు తక్కువ. రక్తం అందకపోతే అరగంట నుంచే కణాలు చనిపోవడం మొదలవుతుంది.

కాబట్టి ముంజేయి, పిక్క నొప్పులకు కాస్త విశ్రాంతి ఇవ్వండి. సెలవు మర్నాడు ఛాతీ పట్టేస్తుంటే, మీరు చేసే పనేమిటో చెప్పి డాక్టరుకు చూపించుకోండి. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే మాత్రం కండ పట్టేసిందని జండూబామ్ రాసుకుంటూ కూర్చోకండి. పని ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.