జియా సరాయ్ గదిలో డ్రిల్ పట్టే ముందు

దిల్లీ ఐఐటీ పక్కనే ఉన్న జియా సరాయ్ ఇరుకు గదుల్లో గేట్, ఈఎస్ఈ పరీక్షలకు చదివే తెలుగువారూ ఉంటారు. పుస్తకాలకు ఓ అర బిగించాలని డ్రిల్ మెషిన్ అరువు తెచ్చుకుంటే, రంధ్రం పెట్టే ముందే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదట వైరు. పైపొర చిట్లినా, టేపు చుట్టి ఉన్నా వాడొద్దు. మెషిన్‌పై చదరంలో చదరం గుర్తుంటే అది డబుల్ ఇన్సులేషన్ రకం. రెండు పిన్నుల ప్లగ్ చాలు. గుర్తు లేకపోతే ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్ తప్పనిసరి.

బిట్ మార్చేటప్పుడు ప్లగ్ తీసి ఉంచాలి. చక్ తాళంతో మూడు రంధ్రాల్లోనూ బిగించాక ఆ తాళాన్ని తీసేయాలి. మరిచిపోతే మెషిన్ తిరగగానే అది ఎగిరి తగులుతుంది. ప్లగ్ పెట్టే ముందు ట్రిగ్గర్ లాక్ పడి లేదని చూడాలి.

తర్వాత గోడ. స్విచ్‌బోర్డుకు నేరుగా పైన, కింద, పక్కన వైర్లు పోతుంటాయి. అక్కడ రంధ్రం వద్దు. మిగతా చోట్లా అనుమానముంటే ఎలక్ట్రీషియన్‌ను అడగాలి. కళ్లద్దాలు పెట్టుకోవాలి, వదులు చేతి తొడుగులు వద్దు.

ఎంసీబీ ఉందన్న ధీమా చాలదు. అది ఆంపియర్లలో లోడు పెరిగితేనో, షార్ట్ సర్క్యూట్ అయితేనో పడుతుంది. మనిషి ప్రాణానికి కొన్ని పదుల మిల్లీఆంపియర్లే ముప్పు. ఆ లీకేజీని పసిగట్టేది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. పరీక్షలో రాసే ఈ తేడాను గది మీటరు పెట్టె దగ్గర కూడా ఒకసారి సరిచూసుకోవాలి. ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించమని ఇంటి యజమానిని అడగాలి.