ఓడకు దెబ్బ తగిలితే దాచేపల్లికి పనేమిటి?

పల్నాడులోని దాచేపల్లి వాళ్లు సముద్రం చూడాలంటే బాపట్ల దాటి సూర్యలంక దాకా పోవాలి. ఇక్కడి నీళ్లంటే కృష్ణ, నాగులేరు. అందుకే ఎక్కడో ఓడ ఒరిగిపోయిందని టీవీలో చూపిస్తే, టీకొట్టు దగ్గర అది కాసేపు కాలక్షేపం. అలా చూస్తూ చూస్తూ ఏర్పడ్డ అభిప్రాయాల్లో కొన్నిటి వల్ల ఎవరికీ హాని లేదు. కొన్ని మాత్రం మిర్చి, పత్తి ఎగుమతి చేసేవారి జేబుకు చిల్లు పెడతాయి. ముందు ఆ రకందే చూద్దాం.

అపోహ: ఓడ పాడైతే నష్టం ఓడ యజమానిది. మన సరుకు క్షేమంగా ఉంటే మనకేం బాధ లేదు.

వాస్తవం: కంటెయినర్‌లో ఒక్క కాయ తడవకపోయినా డబ్బు కట్టాల్సి రావచ్చు. ఓడనూ అందులోని మొత్తం సరుకునూ కాపాడటానికి కెప్టెన్ కావాలనే కొంత సరుకును సముద్రంలో పారవేయించినా, బయటి నుంచి టగ్గులను (ఓడల్ని లాగే పడవలను) పిలిపించి ఖర్చు పెట్టినా, ఆ భారాన్ని ఓడ యజమాని, సరుకుదారులు తమ తమ విలువల నిష్పత్తిలో పంచుకోవాలి. దీన్ని జనరల్ యావరేజ్ అంటారు. రోమన్ల కాలం నుంచీ ఉన్న సూత్రమిది. మన 1963 నాటి మెరైన్ ఇన్సూరెన్స్ చట్టంలోనూ ఉంది. 2021 మార్చిలో సూయజ్ కాలువకు అడ్డంగా ఇరుక్కున్న ఎవర్ గివెన్ విషయంలో యజమాని దీన్నే ప్రకటించాడు. వేల కంటెయినర్ల సొంతదారులు, ఓడ ఇరుక్కోవడంతో ఏ సంబంధమూ లేనివాళ్లు, హామీ పత్రాలు పట్టుకుని వరస కట్టాల్సి వచ్చింది.

హామీ ఇవ్వనిదే సరుకు వదలరు. ఇన్సూరెన్సు ఉంటే ఆ హామీ కంపెనీయే ఇస్తుంది. లేకపోతే సరుకుదారుడు నగదు డిపాజిట్ చేయాలి. అసలు వాటా తేలడానికి ఏళ్లు పట్టవచ్చు. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు అమ్మేసి డబ్బు తీసుకున్న రైతును ఇది నేరుగా తాకదు. తాకేది ఆ తర్వాతి వాళ్లను, అంటే ఎగుమతిదారునో, ఒప్పందాన్ని బట్టి అవతలి దేశంలో కొన్నవాడినో. ఓడ ప్రయాణానికి ఇన్సూరెన్సు దండగ అనుకునే వ్యాపారులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లది పొదుపు కాదు, జూదం అంటాను.

అపోహ: దెబ్బతిన్న ఓడను డ్రై డాక్‌లో, అంటే నీళ్లు తోడేసిన రేవు గుంటలో, పెట్టి బాగు చేస్తే తప్ప కదలనివ్వరు.

వాస్తవం: ఎవర్ గివెన్‌నే చూడండి. ఆరు రోజుల తర్వాత, మార్చి 29న, పున్నమి పోటు సాయంతో బయటపడింది. పక్కనే ఉన్న గ్రేట్ బిట్టర్ లేక్‌లో లంగరు వేయించి పరీక్షలు చేశారు. కాలువ అధికారులతో పరిహారం తగవు తేలక జులై 7 దాకా అక్కడే ఉంది. తర్వాత దెబ్బతిన్న ముక్కుతోనే ఐరోపా వెళ్లి సరుకు దించింది. ముక్కుకు అసలైన మరమ్మతు జరిగింది ఆ ఏడాది చివర్లో, చైనాలోని చింగ్‌డావ్‌లో.

ఇది నిర్లక్ష్యం అనిపించవచ్చు గానీ కాదు. ఓడ లోపలి భాగాన్ని నీరు చొరబడని అడ్డుగోడలతో గదులుగా విడదీస్తారు. అడుగున చాలా ఓడలకు రెండు పొరలుంటాయి. ఒక గదిలో నీరు చేరితే మిగతావి తేలేలా లెక్క కట్టి ఉంటుంది. పరీక్షకులు ఆ లెక్కను మళ్లీ వేసి, ఇంత బరువుతో, ఇంత వేగంతో, ఫలానా రేవు వరకే అని షరతులు రాసి పంపుతారు.

ఈలోగా చిల్లు పూడ్చే పద్ధతుల్లో ఒకటి పల్నాడు వాళ్లకు భలే నచ్చుతుంది. సిమెంటు పెట్టె! కారుతున్న చోట చుట్టూ చెక్కతోనో రేకుతోనో పెట్టె కట్టి, వచ్చే నీరు పోవడానికి ఒక గొట్టం పెట్టి, తొందరగా గట్టిపడే సిమెంటు నింపుతారు. అది గట్టిపడ్డాక గొట్టం మూసేస్తారు. గొట్టం పెట్టకపోతే నీటి ఒత్తిడికి పచ్చి సిమెంటు కొట్టుకుపోతుంది. సున్నపురాయి తవ్వి సిమెంటు చేసే ఊళ్ల మధ్య ఉన్నవాళ్లకు ఆ కిటుకు విడమరచి చెప్పక్కర్లేదు. ఇది తాత్కాలికమే. రేవు చేరాక చెడిన ఇనుప పలకను కోసి తీసేసి, కొత్తది అతికి, ఆ అతుకును మళ్లీ పరీక్షించాలి.

ఆ పెద్ద పనికి డ్రై డాక్ కావాలి. మనకు దగ్గరలో అది విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో ఉంది. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ ఆధ్వర్యంలోని సింధియా కంపెనీ మొదలుపెట్టిన యార్డు ఇది. 1948లో నెహ్రూ జలప్రవేశం చేయించిన ‘జల ఉష’ గురించి చదివినవాళ్లు అక్కడ ఓడలు కడతారనే అనుకుంటారు. మరమ్మతు కూడా దాని పెద్ద పనే, కట్టడం కన్నా చిక్కు పని కూడా. కొత్త ఓడలో ఏముంటుందో నక్షాలోనే తెలుస్తుంది. పాతదాంట్లో ఏముందో విప్పితే గానీ తెలియదు. అక్కడికి 2006లో వెళ్లిన సింధుకీర్తి జలాంతర్గామి పని ముగించుకుని 2015లో గానీ బయటికి రాలేదు.

అపోహ: ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడను బలమైన టగ్గు పెట్టి లాగేస్తే సరి.

వాస్తవం: 2020 అక్టోబరు 13 వేకువన వాయుగుండం గాలికి లంగరు ఆగక, ‘మా’ అనే బంగ్లాదేశ్ ఓడ విశాఖ తెన్నేటి పార్కు కింద రాళ్ల మీదికి వచ్చింది. సిబ్బంది 15 మందీ క్షేమం. సెల్ఫీలకు జనం ఎగబడ్డారు, ఇంకా లాగరేంటని విసుక్కున్నారు కూడా. రాయి గుచ్చుకున్న ఓడను అలాగే లాగితే అడుగు మరింత చీలి, లోతు నీటిలో మునిగిపోవచ్చు. అందుకే ముందు ఇంధనం తోడాలి, చిల్లులు వెతికి మూయాలి, బరువు తగ్గించాలి, ఆ తర్వాత పోటు కోసం చూడాలి. గుజరాత్‌లోని భావనగర్ దగ్గర ఆటుకీ పోటుకీ తేడా 10 మీటర్ల దాకా ఉంటుంది. విశాఖలో మనిషి ఎత్తు కూడా ఉండదు, కాబట్టి పోటు పెద్దగా సాయపడదు. చివరికి ‘మా’ ఓడను హోటల్‌గా మార్చాలని పర్యాటక శాఖ ఆలోచించే దాకా వచ్చింది.

అపోహ: ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ ఒకరు వచ్చి చూసి తేల్చేస్తారు.

వాస్తవం: ఒకే చిల్లు చూడటానికి ఐదారుగురు వస్తారు, ఎవరి ప్రశ్న వారిది. ఓడ నిబంధనల ప్రకారం ఉందా అని చూసేది క్లాస్ సర్వేయరు. మన దేశంలో ఆ పని చేసే ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్ 1975లో పుట్టింది. మరమ్మతు ఖర్చు సబబేనా అని ఇన్సూరెన్సు సర్వేయరు చూస్తాడు. సరుకు సంగతి వేరొకరిది. ఓడ ఎవరి జెండా కింద తిరుగుతుందో ఆ దేశం, అది ఆగిన రేవు దేశం అధికారులు వేరే.

అపోహ: పెద్ద ప్రమాదానికి పెద్ద లోపమే కారణం.

వాస్తవం: 2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోర్‌లో వంతెనను గుద్ది ఆరుగురు కూలీల చావుకు కారణమైన డాలీ ఓడ పొడవు 300 మీటర్లు. సిబ్బందిలో ఎక్కువమంది భారతీయులు. గుద్దే ముందు ఓడలో మొదట కరెంటు ఎందుకు పోయిందని విచారణాధికారులు నెలల తరబడి వెతికితే, ఒక సన్నని తీగ దొరికింది. గుర్తు కోసం దానికి తొడిగిన లేబుల్ అడ్డుపడి, తీగ కొస బిగింపులోకి పూర్తిగా దిగలేదు. వేల తీగల్లో ఒకటి.

అపోహ: మంట ఆరి, నీరు తోడేశాక ఇక ప్రమాదం లేదు.

వాస్తవం: మూసి ఉన్న ట్యాంకులో తుప్పు గాలిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. పాడుబడ్డ బావిలో పూడిక తీయడానికి దిగి, పైకి రానివాళ్ల సంగతి పల్నాడులో వినని ఊరుండదు. ఇదీ అంతే. ఒకరి కోసం ఇంకొకరు దిగి ఇద్దరూ పోతారు. గాలి పరీక్షించి, ధ్రువపత్రం ఇచ్చాకే లోపలికి మనిషిని గానీ వెల్డింగ్ మంటను గానీ పంపాలి.

అపోహ: తడిసిన మిర్చి అంటే సముద్రపు నీరు చొరబడినట్టే.

వాస్తవం: కాయలోని తేమే ఆవిరై, చల్లబడిన కంటెయినర్ పైకప్పుకు పట్టి, మళ్లీ సంచుల మీద కారవచ్చు. చూపుకు రెండూ ఒకటే బూజు. తడి మరక మీద సర్వేయరు సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తాడు. తెల్లని మడ్డి తేలితే అక్కడ ఉప్పు ఉన్నట్టు, అప్పుడు కంటెయినర్ చిల్లుల కోసం, ఓడ మూతల్లో సందుల కోసం వెతుకుతారు. తేలకపోతే వేళ్లు సరుకు నింపినవాడి వైపు, సరిగా ఆరని కాయల వైపు తిరుగుతాయి. అందుకని సంచులు కదపకముందే ఫొటోలు, నమూనాలు తీయించాలి. పైకి కనపడని నష్టాన్ని సరుకు అందిన 3 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపాలి. తెలపనంత మాత్రాన హక్కు పోదు గానీ, సరుకు బాగానే అందిందని చట్టం మొదట అనుకుంటుంది, కాదని నిరూపించే భారం సరుకుదారుడి మీద పడుతుంది. ఓడ కంపెనీ మీద దావాకు మామూలుగా గడువు ఒక్క ఏడాదే. ఉత్తరాలు రాసుకుంటూ కూర్చుంటే అది ఇట్టే అయిపోతుంది.