ఈద్ ఏ కాలంలో వస్తే ఆ కాలపు ముస్తాబు

2019లో రంజాన్ ఈద్ జూన్ 5న వచ్చింది. అప్పటికి రోహిణి కార్తె ఎండలు ఇంకా మాడుస్తూనే ఉన్నాయి. 2024లో అదే ఈద్ ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న జరుపుకున్నాం. చాంద్ లెక్కలో ఏడాదికి పది పదకొండు రోజులు తక్కువ. అందుకే పండుగ ఏటా అంత ముందుకు జరుగుతుంది. 2030 నాటికి ఫిబ్రవరి మొదటి వారానికి వచ్చేస్తుంది. అంటే పొద్దున చలి పెడుతుండగా షీర్ ఖుర్మా తాగుతామన్నమాట. ఇలా కాలాలన్నీ చుట్టి మళ్లీ మొదటికి రావడానికి సుమారు 33 ఏళ్లు పడుతుంది.

పండుగ ఇలా కాలాలు మారుతోంది కానీ మన ఆడపిల్లల పండుగ బట్టలు మాత్రం మారడం లేదు. బరువైన జార్జెట్, దాని మీద అద్దాలు, రాళ్లు, లోపల సాటిన్ లైనింగ్. ఎండకాలంలోనూ అదే, చలికాలంలోనూ అదే. ముఖానికి రాసుకునేదీ అంతే. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు మే నెలలో 43, 44 డిగ్రీల ఎండ కాస్తుంది. ఆ ఎండలో మందంగా ఫౌండేషన్ వేసుకున్న అమ్మాయి ముఖం మధ్యాహ్నం దావత్ వేళకే చారలు చారలుగా కారిపోతుంది. సాయంత్రానికి మెడ మీద చెమటపొక్కులు లేస్తాయి. డబ్బు పెట్టి కొన్న బట్టలు రెండోసారి వేసుకోబుద్ధి కాదు.

దీనికి సులువైన సూత్రం ఒకటుంది. ముందు కాలం చూడాలి, తర్వాత బట్ట, ఆ తర్వాత రంగు. మేకప్ అన్నిటికన్నా చివర. కాలానికి తగిన బట్ట కోసం దూరం పోనక్కర్లేదు. మన రెండు పాత జిల్లాల మగ్గాల మీదే ఉంది.

ఎండకాలం: గాలి ఆడే బట్ట

ముందుగా పుట్టపాక సంగతి. ఇది పాత నల్గొండ జిల్లాలో, ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లా సంస్థాన్ నారాయణపూర్ మండలంలో ఉంది. ఇక్కడ తయారయ్యే తేలియా రుమాల్‌కు 2020లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ వచ్చింది. ఈ నేతకు పాత పుట్టిల్లు చీరాల. అక్కడి నుంచి ఈ రుమాళ్లు అరబ్ దేశాలకు ఎగుమతి అయ్యేవి, అక్కడి మగవాళ్లు తలకు చుట్టుకునేవారు. నిజాం కాలంలో హైదరాబాద్ పెద్దిళ్ల బేగంలు తేలియా దుపట్టాలు వేసుకునేవారు. కాబట్టి ఇది మన ఇళ్లకు కొత్త ఫ్యాషన్ ఏమీ కాదు. దాదీల నాటిది, మధ్యలో మనమే మరిచిపోయాం.

తేలియా అన్న పేరు నూనె నుంచి వచ్చింది. నూలును నువ్వుల నూనె లేదా ఆముదంలో, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెడతారు. దానివల్ల దారం మెత్తబడుతుంది, రంగు లోపలిదాకా పట్టుకుంటుంది. తర్వాత పడుగు, పేక రెండింటికీ ముడులు వేసి రంగులు అద్ది నేస్తారు. ఉండేవి ముఖ్యంగా మూడే రంగులు: ఎరుపు, నలుపు, తెలుపు. తెల్లటి లేదా గోధుమరంగు కాటన్ కుర్తా మీద ఇలాంటి ఒక్క దుపట్టా వేసుకుంటే చాలు, ఇక రాళ్లూ అద్దాలూ అక్కర్లేదు. అయితే అసలు తేలియా చవక కాదు, ధర వేలల్లోనే ఉంటుంది. ఏటా కొనే వస్తువుగా కాకుండా, పెళ్లి సామానులో పెట్టి కూతురికీ ఇచ్చే వస్తువుగా చూడాలి.

రోజువారీ వాడకానికి పాత మహబూబ్‌నగర్ వైపు నారాయణపేట కాటన్ ఉంది. చిన్న చిన్న గళ్లు, ముదురు అంచు, అంచు పక్కన సన్నని గీతలు దీని గుర్తు. అక్కడి మగ్గం మీద ఒకే పడుగుతో ఎనిమిది చీరలు నేసే పద్ధతి ఉంది. ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. చీర కట్టని అమ్మాయి అదే చీరను పొడవాటి కుర్తాగా కుట్టించుకోవచ్చు. అంచును చేతులకు, కింది ఘేరాకు వేయమని దర్జీకి చెప్పాలి. పల్లూ మిగిలితే దుపట్టా అవుతుంది.

నిఖాకో, వలీమాకో పట్టు కావాలనిపిస్తే గద్వాల వైపు చూడండి. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచూ పల్లూ పట్టు. రెండింటినీ మగ్గం మీదే కలిపి నేస్తారు. చూడటానికి పట్టు చీర, ఒంటికి నూలు చీర. ఎండకాలపు పెళ్లిలో ఇంతకన్నా సుఖమైనది దొరకదు.

బురఖా వేసుకునేవాళ్లకు ఒక మాట. నల్ల రంగు వేడిని ఎక్కువగా పీలుస్తుంది, కాబట్టి బట్ట పల్చగా, వదులుగా ఉండాలి. లోపల కూడా పాలిస్టర్ వేసుకుంటే చెమట పోయే దారి ఉండదు. లోపల కాటన్ తప్పనిసరి. హిజాబ్ కింద వేసే టోపీ కూడా కాటన్‌దే అయితే నుదుటి దగ్గర పొక్కులు తగ్గుతాయి. నఖాబ్ వేసుకునేవాళ్లు ముక్కు మీద ఆనే గుడ్డను ప్రతిరోజూ ఉతకాలి. ముక్కు, బుగ్గల మీద మొటిమలకు చెమట పట్టిన ఆ గుడ్డ రాపిడి కూడా ఒక కారణం.

ఇక ముఖం. ఎండకాలంలో సన్‌స్క్రీనే అసలు మేకప్. ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువది తీసుకోండి. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకు సరిపోతుంది. మన ఇళ్లల్లో చాలామంది మరిచిపోయే విషయం ఒకటుంది: వుజూ చేసిన ప్రతిసారీ సన్‌స్క్రీన్ కడుక్కుపోతుంది. పొద్దున ఒకసారి రాసుకున్నాం కదా అని ఊరుకోకూడదు. జొహర్ నమాజ్ అయ్యాక బయటికి వెళ్లే పని ఉంటే మళ్లీ రాసుకోవాలి. దాని మీద నుదురు, ముక్కు దగ్గర మాత్రమే కొంచెం పౌడర్, పెదవులకు లేత రంగు బామ్. ఎండలో ఇంతకన్నా ఎక్కువ నిలవదు.

వానకాలం: త్వరగా ఆరే బట్ట, కడిగితే పోయే రంగు

వానల్లో లెక్క తిరగబడుతుంది. మందపు కాటన్ తడిస్తే రోజంతా ఆరదు. పల్చని మల్ కాటన్, జార్జెట్ ఈ కాలానికి మంచివి. సల్వార్, బురఖా అంచులు చీలమండ పైకే ఉంచుకోండి. మన చల్క నేలల ఎర్రమట్టి ఒకసారి అంటితే తెల్ల బట్ట మీద నుంచి పోదు. అందుకే మెరూన్, ఇటుక రంగు, ముదురాకుపచ్చ ఈ నాలుగు నెలలకు నప్పుతాయి. తడిజుట్టు మీద హిజాబ్ చుట్టవద్దు. వాసన, దురద, చుండ్రు అన్నీ అక్కడే మొదలవుతాయి.

వానకాలం అనగానే వాటర్‌ప్రూఫ్ మేకప్ అమ్ముతారు. నీళ్లకు పోనిది వుజూకూ పోదు. చర్మానికి నీళ్లు తగలాలి కాబట్టి ఎలాగూ ముందు తుడిచేయాల్సిందే. రోజూ అలా రుద్ది తీస్తే కనురెప్పల వెంట్రుకలు రాలతాయి. దావత్ రోజుకు తప్ప మామూలు రోజుల్లో దాని అవసరమే లేదు. కండ్లకలక తిరిగేది కూడా ఈ కాలంలోనే. కాజల్ పుల్ల అక్కాచెల్లెళ్లు పంచుకోవద్దు.

చలికాలం: పొర మీద పొర

డిసెంబర్, జనవరిలో తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది, మధ్యాహ్నానికి మళ్లీ ఎండ. ఒక్కటే మందపు స్వెట్టర్ కంటే పొరలుగా వేసుకోవడం మేలు. సాదా కుర్తా, దాని మీద పోచంపల్లి ఇక్కత్ జాకెట్, భుజాన దుపట్టా. ఎండెక్కితే జాకెట్ తీసేయవచ్చు. 2005లో జీఐ గుర్తింపు పొందిన పోచంపల్లి ఇక్కత్ ఇప్పుడు గజాల లెక్కన కూడా దొరుకుతుంది. రెండు, రెండున్నర గజాలుంటే జాకెట్ వచ్చేస్తుంది.

చలిగాలికి, బోరునీళ్ల ఉప్పుదనానికి చర్మం తెల్లగా పొలుసులు లేస్తుంది. స్నానం అయ్యాక ఒళ్లు పూర్తిగా ఆరకముందే, తడి మీదే మాయిశ్చరైజరో కొబ్బరినూనో రాయాలి. వుజూ తర్వాత చేతులకు, పాదాలకు ఇంకోసారి. ముదురు లిప్‌స్టిక్, క్రీమ్ బ్లష్ వంటివి నిలిచేది ఈ కాలంలోనే. ఫిబ్రవరి ఈద్‌లు వచ్చినప్పుడు ఆ సరదా తీర్చుకోవచ్చు.

అసలు ఇక్కతేనా?

ఇక్కత్ డిజైన్‌ను బట్ట మీద అచ్చు వేసి అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. అచ్చు బట్ట కొనడం తప్పేమీ కాదు. కానీ మగ్గం ధర పెట్టి అచ్చు బట్ట కొంటే మోసపోయినట్టే, నేతన్న కూలి కూడా పోయినట్టే. గుర్తుపట్టడం తేలిక. బట్టను తిరగేసి చూడండి. ఇక్కత్‌లో రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, అచ్చు వేసినదాంట్లో వెనుక వైపు వెలిసినట్టు ఉంటుంది. డిజైన్ అంచులు కొంచెం చెదిరినట్టు, ఈకల్లా కనిపిస్తే అది ఇక్కత్. గీత గీసినట్టు పదునుగా ఉంటే అనుమానించాలి. చివర ఒక దారం లాగి చూస్తే, ఇక్కత్ దారం మీద రంగులు మారుతూ లోపలిదాకా పట్టి ఉంటాయి. చేనేత గుర్తు ఉన్న లేబుల్ ఉందేమో అడగండి. కొన్నాక మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా, చన్నీళ్లలో ఉతికి నీడలో ఆరేయండి.

రంగు తక్కువ అన్న మాట

ఇంతవరకు చెప్పినవి పాటించకపోతే డబ్బు పోతుంది, అంతే. ఇక్కడ మాత్రం ముఖమే పోతుంది. రిష్తా చూడటానికి వచ్చినవాళ్లలో ఒక ఖాలా "పిల్ల మంచిదే, రంగే కొంచెం తక్కువ" అంటుంది. అమ్మాయి ఆ మాట మరిచిపోదు. వారం తిరగకుండా ఎవరో చెప్పిన క్రీమ్ ఇంట్లోకి వస్తుంది. పది రోజుల్లో ముఖం తెల్లబడినట్టే కనిపిస్తుంది. అసలు ప్రమాదం మొదలయ్యేది అక్కడే.

త్వరగా తెల్లబరిచే క్రీముల్లో చాలావాటిలో ఉండేది స్టెరాయిడ్. బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ అన్న పేర్లు ట్యూబు మీద కనిపిస్తే అది సౌందర్య సాధనం కాదు, మందు. డాక్టర్ చీటీ లేకుండా వాడకూడదు. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, ఎర్రటి సన్నని నరాలు తేలతాయి, మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు వస్తాయి. ఆపిన వెంటనే మంట, ఎరుపు ఎక్కువవుతాయి. దాంతో భయపడి మళ్లీ రాస్తారు. చర్మ వైద్యులు దీన్ని స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖం అంటారు. కంపెనీ పేరు, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ లేని డబ్బాల్లో పాదరసం కూడా ఉండవచ్చు. అది చర్మం గుండా ఒంట్లోకి ఎక్కి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. గర్భిణి అయితే లోపలి బిడ్డకూ ప్రమాదమే. ఇలాంటివి ఇప్పటికే వాడుతుంటే సిగ్గుపడకుండా ఆ డబ్బాతో సహా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రుల్లోనూ చూపించుకోవచ్చు.

చాంద్ రాత్ నాడు ఇంకో రెండు జాగ్రత్తలు. గంటలో నల్లగా పండే మెహందీ అంటే నమ్మవద్దు. అసలు గోరింటాకు మొదట నారింజ రంగులో ఉండి, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. నల్ల మెహందీలో జుట్టుకు వేసే రంగు రసాయనం కలుపుతారు. దానితో చేతులు బొబ్బలెక్కిన పిల్లలున్నారు. అలాగే రాయి నూరి చేసే సుర్మాలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పసిపిల్లల కళ్లకు అసలే పెట్టవద్దు.

ఫౌండేషన్ కొనేటప్పుడు చేతి మీద కాదు, దవడ దగ్గర రాసి, దుకాణం బయటికి వచ్చి వెలుతురులో చూసుకోండి. కనిపించకుండా కలిసిపోయిందే మీ రంగు. ఒక మెట్టు తెల్లది తీసుకుంటే ఫొటోలో ముఖం బూడిద పూసినట్టు ఉంటుంది. మన సావళీ పిల్లలకు మెరూన్, ఆవపిండి పసుపు, ముదురాకుపచ్చ ఎంత బాగా కుదురుతాయో ఒకసారి అద్దంలో చూసుకోండి. తేలియా ఎరుపూ, గద్వాల అంచుల రంగులూ అవే కదా. మన ఊళ్లలో ఈ బట్టలు నేసినవాళ్లు మన రంగును చూసే ఆ రంగులు అద్దినట్టుంటుంది.

తల్లులకు ఒక చిన్న మాట. ఈసారి ఎవరైనా మీ అమ్మాయి రంగు గురించి మాట్లాడితే, ఆమె ముందే జవాబు చెప్పండి. ఆ ఒక్క జవాబు వింటే ఆ క్రీమ్ డబ్బా మీ ఇంటి గడప తొక్కదు.